ముందు ఆ క్లిప్పు తీసి పారేయండి సార్

ప్రశ్న: నేను కడపలో ఉంటాను. ఫిజికల్ సైన్స్ టీచరుగా రిటైరయ్యాను. 61 ఏళ్ళకు మొదటిసారి కారు కొన్నాను. 2021 మోడల్, పెట్రోలు, సెకండ్ హ్యాండ్. పాత ఓనరు ముందు ఇనుప గార్డు, సీట్లకు రెగ్జిన్ కవర్లు, డాష్‌బోర్డు మీద రాతి వినాయకుడు, బెల్టు మోత రాకుండా ఒక క్లిప్పు, అన్నీ పెట్టించి మరీ ఇచ్చాడు. మా అమ్మాయికి ఏడో నెల. ఈ నెలలోనే బెంగళూరు నుంచి మదనపల్లె, రాయచోటి మీదుగా పురిటికి తీసుకురావాలి. బెల్టు పెడితే కడుపులో బిడ్డకు ఒత్తిడి అని, వెనక సీట్లో దిండ్లు వేసి పడుకోబెట్టి తెద్దామని మా ఆవిడ అంటోంది. నాలుగేళ్ళ మనవడు కూడా వస్తాడు, వాడికి ముందు సీట్లో అమ్మమ్మ ఒళ్ళోనే కూర్చోవాలి. ఇంకో సంగతి. మొన్న రాజంపేట దారిలో కుక్క అడ్డమొస్తే గట్టిగా బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద గడగడా వణికింది. బ్రేకులు పోయాయేమోనని భయపడి కాలు తీసేశాను. కుక్క బతికింది గానీ నాకు ఇంకా టెన్షన్ పోలేదు. మెకానిక్ చూసి ఏం లేదన్నాడు. ఎండల్లో ఇంత దూరం, పైగా గువ్వలచెరువు ఘాటు. ఏమేం చూసుకోవాలి?

సమాధానం: సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్‌తో నాలుగు మాటల కింద గీతలు గీశాను: గార్డు, కవర్లు, వినాయకుడు, క్లిప్పు. పాత ఓనరు ముచ్చటపడి పెట్టించుకున్నవే, ఆయన్ని తప్పుపట్టను. కానీ కంపెనీ మన ప్రాణం కోసం కార్లో ఏమేం పెట్టిందో వాటికే ఇవి అడ్డం పడతాయి. అందుకే ఏం కొనాలో తర్వాత చెప్తాను, ఏం పీకేయాలో ముందు చెప్తాను. పీకడానికి ఖర్చు కూడా లేదు.

మొదట క్లిప్పు. బెల్టు పెట్టుకుంటే మోత దానంతటదే ఆగుతుంది. పెట్టుకోకుండా ఆపడం కోసమే ఎవరో బుర్ర ఉపయోగించి ఈ క్లిప్పు తయారుచేశారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ళను వీటి అమ్మకం ఆపమని ఆదేశించింది. ఎందుకు అంత పట్టుదలో రోడ్డు రవాణా శాఖ లెక్క చూస్తే తెలుస్తుంది. 2021 ఒక్క ఏడాదిలో బెల్టు లేకుండా పోయినవాళ్ళు 16,397 మంది. అందులో డ్రైవర్లు 8,438. మిగిలిన 7,959 మంది పక్కనో వెనకో ఊరికే కూర్చున్నవాళ్ళు.

జడత్వం గురించి మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి పనికొచ్చే లెక్క ఒకటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 14 మీటర్లకు కొంచెం తక్కువ. ఆ వేగంతో గోడకు తగలడమూ, దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడడమూ ఒకటే. మేడ మీద పిట్టగోడ లేకపోతే మనవణ్ణి ఎక్కనివ్వం కదా, కార్లో బెల్టు లేకుండా ఎలా కూర్చోబెడతాం? మీ ఆవిడగారితో జడత్వం అనకుండా పిట్టగోడ అనే చెప్పండి.

ఎయిర్‌బ్యాగు ఉందిగా అనే మాట నేను నా మెకానిక్ షెడ్డులో వందసార్లు విన్నాను. ఎయిర్‌బ్యాగు పరుపు కాదు సార్. గుద్దుకున్న క్షణాన లోపలి పేలుడు మందు మండి, 30 నుంచి 40 మిల్లీసెకన్లలో నిండిపోతుంది. కనురెప్ప కొట్టేంత టైము కూడా పట్టదు. బెల్టు ఉంటే మనిషి వెనకే ఆగి, పూర్తిగా నిండిన సంచి మీదకు ఒరుగుతాడు. బెల్టు లేకపోతే అది ఇంకా విచ్చుకుంటూ ఉండగానే మొహం తీసుకెళ్ళి దానికి ఎదురిస్తాడు. ఆ దెబ్బ మామూలుగా ఉండదు. స్టీరింగు మీద 'ఎస్ఆర్ఎస్' అని రాసి ఉంటుంది చూడండి, బెల్టుకు తోడుగా పనిచేసేదని దాని అర్థం. అసలు పని బెల్టుదే. భుజం మీదుగా నడుము మీదుగా వచ్చే ఈ మూడు కొసల బెల్టును 1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. పేటెంటు ఉన్నా, ఎవరైనా వాడుకోవచ్చని కంపెనీ వదిలేసింది. అరవై ఏళ్ళు దాటింది, దాన్ని మించింది ఇంకా రాలేదు.

మీరు కూర్చునే తీరు కూడా చూసుకోండి. కొత్తగా నడిపేవాళ్ళు బానెట్టు కనపడాలని స్టీరింగుకు అతుక్కుపోయి కూర్చుంటారు. మీ రొమ్ము ఎముకకూ స్టీరింగు మధ్యకూ కనీసం ఒక అడుగుకు దగ్గరగా, 25 సెంటీమీటర్లకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. రోడ్డు కనపడకపోతే సీటు పైకి లేపుకోండి, ముందుకు జరగొద్దు. తల వెనక ఉండే దిండు మెడ దగ్గర ఆగిపోకుండా తల పైభాగం దాకా రావాలి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగకుండా కాపాడేది అదే. సుఖంగా ఆనుకోవడానికి పెట్టారనుకుని చాలామంది దాన్ని కిందకు నొక్కేసి ఉంచుతారు.

ఇక వినాయకుడు. ఎడమవైపు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు అని అచ్చు వేసి ఉందేమో చూడండి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి. పక్క సీటుదానికి మాత్రం పాత మోడళ్ళకు 2021 డిసెంబరు దాకా గడువిచ్చారు. కాబట్టి మీ 2021 కారుకు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉండి, దేవుడు సరిగ్గా ఆ మూత మీదే అతికి ఉంటే, సంచి విచ్చుకున్నప్పుడు ఆ రాయి ఎగిరి వచ్చేది పక్క సీట్లో ఉన్న మీ ఆవిడగారి మొహం మీదకే. ఎయిర్‌బ్యాగు లేకపోయినా గుద్దినప్పుడు రాయి రాయే. స్వామిని ఇంట్లో పూజ గదిలో పెట్టుకోండి. కార్లో దేవుడు ఉండాలంటే దేవుని కడప వెంకన్న బొమ్మ ఉన్న చిన్న స్టిక్కరు చాలు. అద్దానికి వేలాడే దండలు, జపమాలలు కూడా వద్దు, చూపుకు అడ్డం.

గార్డు సంగతికొస్తే, కారు ముందు భాగం నలిగేలాగే కడతారు. అది నలిగితే దెబ్బలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది, లోపలి మనుషుల దాకా తక్కువ వస్తుంది. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు విచ్చుకోవాలో చెప్పే సెన్సార్లు కూడా ఆ లెక్కమీదే ఉంటాయి. మీరు ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి, ఇనుప గొట్టం బిగిస్తే ఆ లెక్కంతా తారుమారు. ఎదురుగా మనిషో సైకిలో ఉంటే వాళ్ళకింకా ఘోరం. 2017 డిసెంబరులోనే వీటిని అనుమతించొద్దని, తీయించమని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. మన దారుల్లో గేదెలు అడ్డమొస్తాయి, ఇది లేకపోతే ఎట్లా అంటారు. గేదె అడ్డమొస్తే కావలసింది బ్రేకు సార్. ఇనుమును పాత సామాను అంగడికి వేయండి, నాలుగు రూపాయలు వస్తాయి.

సీటు కవర్లు అన్నిటికన్నా అమాయకంగా కనిపిస్తాయి. దీంట్లో నేనూ ముద్దాయినే. అనంతపురంలో షెడ్డు నడిపే రోజుల్లో నా సొంత కారుకు ఒక అంగట్లో కవర్లు కుట్టించాను. బాగా బిగుతుగా, పెళ్ళికొడుకు షేర్వానీలా కూర్చున్నాయి. మూడేళ్ళ తర్వాత వెనక సీట్లో మా అమ్మకు బెల్టు పెడదామని చూస్తే బకిల్ లేదు. మూడూ కవరు కింద భద్రంగా పడుకుని ఉన్నాయి. బ్లేడుతో కోసి బయటకు తీశాను. ఊరందరి కార్లు చూసేవాణ్ణి, నా కారు వెనక సీటు మూడేళ్ళు చూడలేదు. ఇవాళ సాయంత్రమే మీ వెనక సీట్లో చెయ్యి పెట్టి వెతకండి. కనపడకపోతే కవరు తీసేయండి. సీటు పక్క కుట్టు దగ్గర ఎయిర్‌బ్యాగు అని చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంటే ఆ సీటుకు మామూలు కవరు అసలు వేయకూడదు, పక్క నుంచి విచ్చుకునే సంచికి దారి మూసుకుపోతుంది.

బకిల్స్ దొరికాక ప్రతి బెల్టునూ పూర్తిగా బయటకు లాగి చూడండి. అంచులు పీచులు లేచాయా, ఎక్కడైనా కోసినట్టుందా? తర్వాత చటుక్కున గుంజండి, పట్టేయాలి. పట్టకపోతే, లేదా లోపలికి చుట్టుకోకపోతే మార్పించాల్సిందే. సెకండ్ హ్యాండు కారు కాబట్టి ఇంకోటి కూడా. తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానం: ఎప్పుడో ప్రమాదంలో సంచి పేలిపోయి, కొత్తది వేయించకుండా దీపం కనపడకుండా చేసి అమ్మేవాళ్ళుంటారు. కంపెనీ సర్వీసు సెంటర్లో కంప్యూటరు పెట్టి చూపించుకోండి.

ఇప్పుడు అమ్మాయి సంగతి. మీ ఆవిడగారి భయం చిన్నదేం కాదు, దీన్ని కొట్టిపారేయొద్దు. ముందు డాక్టరమ్మను ప్రయాణం చెయ్యొచ్చా అని అడగండి. సరే అన్నాక, బెల్టు తప్పకుండా పెట్టాలి, కానీ పెట్టే పద్ధతి వేరు. నడుము పట్టీ పొట్ట మీదుగా పోకూడదు. పొట్ట కిందుగా, తుంటి ఎముకలకు ఆనుకుని, తొడల పైకి ఒరిగేట్టు ఉండాలి. భుజం పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి దిగి, పొట్ట పక్కగా పోవాలి. చంక కింద నుంచి తీయకూడదు. అలా పెడితే గుద్దినా బరువు పడేది ఎముకల మీద, బిడ్డ మీద పడదు. బిడ్డకు అన్నిటికన్నా పెద్ద రక్షణ తల్లికి దెబ్బ తగలకపోవడమే. దిండ్లు వేసి అడ్డంగా పడుకోబెడితే చూడ్డానికి హాయిగా ఉంటుంది గానీ, సడన్ బ్రేకు వేస్తే చాలు, ముందు సీటు వీపుకు పొట్ట తగిలేలా దొర్లుతుంది. మన దగ్గర పురిటికి తెచ్చేవాళ్ళంతా ఇదే చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. ఒక చిన్న దిండు నడుము వెనక పెట్టుకోనివ్వండి, పొట్టకూ బెల్టుకూ మధ్య మాత్రం ఏదీ దూర్చొద్దు. చలికోటు కూడా తీసేయాలి. గంటన్నరకోసారి కారు ఆపి నాలుగడుగులు నడిపించండి, కాళ్ళలో రక్తం నిలవకుండా ఉంటుంది.

వెనక కూర్చుంటే బెల్టు ఎందుకనే మాట టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయినప్పుడే పోవాల్సింది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ప్రమాదం. ఖరీదైన కారు. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారని పోలీసులు చెప్పారు. వెనకవాళ్ళకు బెల్టు లేకపోతే ముందువాళ్ళకూ ముప్పే, వాళ్ళ బరువంతా వచ్చి పడేది ముందు సీటు వీపు మీద. ఎవరు బెల్టు పెట్టుకోకపోయినా జరిమానా 1,000 రూపాయలు. 2019 సవరణ తర్వాత పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోయినా అంతే.

మనవడు ఒళ్ళో ఉంటే అమ్మమ్మ గట్టిగా పట్టుకుంటుంది కదా అంటారు. నాలుగేళ్ళ పిల్లవాడు 15 కిలోలు అనుకుందాం. 50 కిలోమీటర్ల వేగం నుంచి కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే ఆ చేతుల మీద పడే బలం 200 కిలోల పైమాటే. మీరే బోర్డు మీద వేసి చూపించగలరు. నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడైనా ఆ బరువు పట్టలేడు. పైగా పిల్లవాడు ఆమెకూ డాష్‌బోర్డుకూ మధ్య దిండయిపోతాడు. వాడికి వెనక సీట్లో, పిల్లల సీటు. వాడి బరువుకు, ఎత్తుకు సరిపడేది చూసి కొనండి. సీటు సందులో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే వాటికి తగిలించేదైతే బిగించడం తేలిక. ఖర్చు నాలుగైదు వేల పైనే, నిజమే. పుట్టబోయే బిడ్డకు కూడా ఒకటి కావాలి, అది వెనక్కి తిరిగి ఉండేది. దాన్ని ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేయండి. వాడు ఏడుస్తాడు. మొదటి అరగంట ఏడుస్తాడు, చింతామణి దాటేలోపు నిద్రపోతాడు.

ఇక కుక్క సంగతి. మెకానిక్ ఏం లేదన్నాడంటే నిజమే చెప్పాడు, ఎందుకో చెప్పలేదంతే. అది ఏబీఎస్, అంటే యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్. గట్టిగా బ్రేకు వేస్తే మామూలుగా చక్రం బిగుసుకుపోయి, టైరు రోడ్డు మీద జారుతుంది. జారే టైరు స్టీరింగు మాట వినదు. చక్రం బిగుసుకోబోతోందని సెన్సారు పసిగట్టగానే ఏబీఎస్ ఆ చక్రం మీద బ్రేకు వదిలి, పట్టి, మళ్ళీ వదిలి, ఒక సెకనులో చాలాసార్లు అలా చేస్తుంది. పెడల్ వణకడం, కింద గరగర మోత, అంతా అదే. అంటే బ్రేకులు అద్భుతంగా పనిచేస్తున్న క్షణంలో మీరు కాలు తీశారు. దీనికి మిమ్మల్ని అనడానికి లేదు, అందరూ అదే చేస్తారు. పాత అంబాసిడర్ల కాలంలో డ్రైవింగ్ నేర్పినవాళ్ళు బ్రేకును కొట్టి కొట్టి వదలమని చెప్పేవాళ్ళు. ఏబీఎస్ కారుకు అది తప్పు. కాలు నేల దాకా నొక్కి పట్టాలి, ఎంత వణికినా వదలకూడదు, స్టీరింగుతో అడ్డాన్ని తప్పించుకోవాలి. ఏబీఎస్ ఇచ్చిన అసలు వరం ఆ తప్పించుకోవడమే. ఇసుక, కంకర మీద మాత్రం మామూలు కన్నా కాస్త ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, అది గుర్తుంచుకోండి. రోడ్డు మీద ఆరబోసిన జొన్నలు, వడ్ల మీద కూడా జారుడే.

ఆదివారం పొద్దున్నే మనుషులు లేని ఖాళీ మైదానానికి వెళ్ళి, గంటకు 40 కిలోమీటర్లలో ఉన్నప్పుడు నేల దాకా తొక్కి చూడండి. రెండు మూడుసార్లు ఆ వణుకు కాలికి అలవాటైతే భయం పోతుంది. ఏబీఎస్ పసుపు దీపం బండి నడిచేటప్పుడు వెలిగే ఉంటే ఏబీఎస్ పని చేయట్లేదని అర్థం, మామూలు బ్రేకు మాత్రం ఉంటుంది. ఎర్ర బ్రేకు దీపం వేరు. హ్యాండ్ బ్రేకు దించాక కూడా అది వెలుగుతుంటే బండి కదపొద్దు.

టైర్ల దగ్గర మన సీమలో ఒక పాత నమ్మకం ఉంది. ఎండాకాలం గాలి వేడెక్కి ఉబ్బుతుంది, కాబట్టి రెండు పాయింట్లు తక్కువ పెట్టించమంటారు. పంక్చరు అంగడివాళ్ళే చెప్తారు. ఇది తిరగబడ్డ నమ్మకం. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి తిప్పుకూ ఎక్కువ వంగి లేస్తాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం కాగిన తారు మీద ఆ వేడి ఇంకా కలిసి టైరు పేలుతుంది. వేడికి ఒత్తిడి కొంచెం పెరుగుతుందని కంపెనీవాళ్ళకు ముందే తెలుసు, లెక్కలో కలిపే అంకె వేస్తారు. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద ఆ అంకెల స్టిక్కరు ఉంటుంది. ఇద్దరికి ఒక అంకె, నిండా మనుషులూ సామాన్లూ ఉంటే ఇంకో అంకె. మీది రెండోది. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. ఇరవై కిలోమీటర్లు నడిపాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయించొద్దు. నైట్రోజన్ పెట్టిస్తారా అని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందని మీకు చెప్పాలా!

టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో ఇరవైమూడో వారంలో తయారైందని. మీ కారు టైర్లు మొదటివేనా, ఎక్కడివో వేసి అమ్మాడా అన్నది అక్కడే తెలుస్తుంది. గాళ్ళలో చిన్న గట్టులా ఉంటుంది, రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే, అంటే 1.6 మిల్లీమీటర్లకు వస్తే, మార్చేయాలి. గాళ్ళు బాగున్నా పక్కల పగుళ్ళుంటే నేనైతే బెంగళూరు వెళ్ళను. స్టెప్నీని మరిచిపోకండి, అందరూ మరిచిపోతారు. కొత్త బండికి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం కదా, అలా వంగినప్పుడైనా టైరును ఒకసారి చూస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

రేడియేటరులో పాత ఓనరు ఏం పోశాడో అడగండి. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, చూసే ఉంటారు. ఇంజను లోపలి సన్నటి దారుల్లోనూ అదే కడుతుంది, వేడి బయటకు పోదు. రిజర్వు డబ్బాలో ద్రవం రంగుగా, తేటగా ఉండాలి. తుప్పు రంగులో ఉంటే మొత్తం కడిగించి కొత్త కూలెంటు పోయించండి. చిక్కటి కూలెంటయితే డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి, మీ కారు పుస్తకంలో చెప్పిన పాళ్ళలో. దారిలో వేడి సూది పైకెక్కితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజను ఆపండి. అరగంట దాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దు. షెడ్డులో నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి ముంజేతి మీద ఆ మూత గుర్తు ఇప్పటికీ ఉంది.

బ్యాటరీకి మన ఎండ శత్రువు. మూడు నాలుగేళ్ళు దాటిందంటే ప్రయాణానికి ముందు చెక్ చేయించండి. ఇంజనాయిలు, ఎయిర్ ఫిల్టరు, వైపర్ రబ్బర్లు సర్వీసులో ఎలాగూ చూస్తారు. ఆగినప్పుడు ఒక్క నిమిషమేగా అని మనవణ్ణి లోపల వదిలి దిగొద్దు, ఎండలో మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే ఇంకో పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

చివరగా ఘాటు. రాయచోటి నుంచి వచ్చేటప్పుడు మీకు గువ్వలచెరువు దగ్గర దిగుడు. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే డిస్కులు కాలిపోతాయి, ఆ వేడికి బ్రేకు ఆయిల్ మరుగుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతదయ్యేకొద్దీ తొందరగా మరుగుతుంది. మరిగిందంటే ఆవిరి బుడగలు, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ మెత్తగా కిందకు పోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. మీ బండికి ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, మార్చలేదనే అనుకోండి. బయలుదేరే ముందే మార్పించండి, పెద్ద ఖర్చు కాదు.

లారీ డ్రైవర్లకు ఒక లెక్క ఉంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. మీరు రెండో గేరు, కొంచెం వాలు తగ్గితే మూడో గేరు. ఇంజనే బండిని పట్టుకుంటుంది. మలుపులకు ముందు బ్రేకు వేసి, వేగం తగ్గగానే వదిలేయండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం మహా తప్పు. మిగలదు కూడా. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండడానికి పోస్తూనే ఉంటాయి. లారీ వెనకే అంటిపెట్టుకుని దిగొద్దు, వెనక నుంచి లారీ తరుముతుంటే పక్కకు తీసి పోనివ్వండి. వాడి బ్రేకుల సంగతి మీకు తెలియదు.

బెంగళూరులో తెల్లవారుజామున ఐదింటికల్లా బయలుదేరితే ఎండ ముదిరే లోపు ఘాటు దగ్గర ఉంటారు. రాత్రి ప్రయాణం మాత్రం పెట్టుకోకండి, మన దారుల్లో వెనక దీపాల్లేని ట్రాక్టరు ట్రాలీలు ఎదురయ్యేదాకా కనపడవు. ఎక్కడైనా ఇబ్బందైతే జాతీయ రహదారి మీద 1033, అంబులెన్సుకు 108. ఘాటు దిగే ముందు గువ్వలచెరువులో ఎలాగూ ఆగుతారు, పాలకోవా కొనకుండా ఆ ఊరు దాటినవాణ్ణి నేను చూడలేదు. ఆ పది నిమిషాల్లో అమ్మాయిని నాలుగడుగులు నడిపించండి, చక్రాలు కూడా కాస్త చల్లారతాయి. మళ్ళీ ఎక్కాక అందరి బెల్టులూ ఒకసారి మీరే చూడండి. కోవా పొట్లం డాష్‌బోర్డు మీద పెట్టకుండా డిక్కీలో పెట్టండి.